రోడ్డు పక్కన సైకిల్ ఆపి చాయ్ తాగడం వెనక 130 ఏళ్ల కథ ఉంది | శంషాబాద్ రోడ్ల మీద ఆడవాళ్ల సైక్లింగ్

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. కొన్ని సైకిళ్లు, కొంచెం చాయ్, బోలెడు ముచ్చట్లు ఉన్నాయి. అయినా ఇది హిస్టరీ ఎపిసోడే. ఎందుకో చెప్తాను, స్కిప్ చేయకుండా చూడండి.

ఆదివారం పొద్దున ఆరున్నర అనుకోండి. శంషాబాద్ దగ్గర బెంగళూరు హైవే సర్వీస్ రోడ్డు. పైన ఎయిర్‌పోర్ట్‌లో దిగే విమానం. కింద ఒక చాయ్ బండి. బండి పక్కన నాలుగైదు సైకిళ్లు, హెల్మెట్లు తీసి నవ్వుకుంటున్న ఆడవాళ్లు. ఒకరు ఐటీ ఉద్యోగి, ఒకరు టీచర్, ఒకరికి కాలేజీకి వెళ్లే కొడుకున్నాడు. ఇలాంటి గ్రూపుల్లో మాటలు ఎట్లుంటాయో మీకూ తెలుసు.

"ఏందక్కా, మళ్లీ లేటు? అలారం కొట్టలేదా?"

"కొట్టింది పిల్లా. అత్తమ్మ లేచింది, నేనే లేవలే."

"ఇరవై ఒక్క గేర్లు అని గొప్పలు చెప్తివి. నువ్వు వాడేది ఒక్కటే గదా!"

"ఇంట్ల బియ్యం బస్తా జరపమంటే నడుము నొప్పి అంటది. సైకిల్ మాత్రం మూడో అంతస్తు దాకా మోసుకపోతది."

"టిఫిన్ చేసి వచ్చినవా?" "ఆయనే చేసుకుంటడు. ఉప్మాకి నీళ్లెన్ని అని ఫోన్ చేస్తడని సైలెంట్ల పెట్టిన."

అంతే. ఇందులో పెద్ద విషయం ఏమీ లేదు. పెద్ద విషయం లేకుండా ఆడవాళ్లు రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుకోగలగడమే ఇక్కడ పెద్ద విషయం.

ఒక్కసారి ఆలోచించండి. మన ఊళ్లల్లో రచ్చబండ ఎవరిది? హోటల్ ముందు బెంచీ ఎవరిది? ఇరానీ చాయ్ కేఫ్‌లో గంటల కొద్దీ కూర్చున్నది ఎవరు? ఎక్కువగా మగవాళ్లే. "ఏం పని మీద నిలబడ్డావ్?" అని వాళ్లని ఎవరూ అడగరు. ఆడవాళ్లు బయటికి వస్తే మాత్రం దానికో కారణం ఉండాలి. నీళ్ల కోసం, కూలీ కోసం, గుడి కోసం, ఆఫీసు కోసం. పని అయిపోతే ఇల్లు. ముంబై మీద రీసెర్చ్ చేసిన ముగ్గురు మహిళలు, శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే, 2011లో ఒక పుస్తకమే రాశారు. పేరు 'వై లాయిటర్'. ఊరికే తిరగడం కూడా ఒక హక్కే అన్నది దాని సారాంశం.

ఆ "ఊరికే" అన్న మాట దాకా రావడానికి సైకిల్‌కి దాదాపు 130 ఏళ్లు పట్టింది. ఆ ప్రయాణమే ఈ రోజు మన కథ.

ఫస్ట్ కొంచెం బయటి దేశాలకి వెళ్దాం. మనం ఇప్పుడు తొక్కే సైకిల్ రూపం 1885లో వచ్చింది. ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్ సేఫ్టీ' సైకిల్ చేశాడు. రెండు చక్రాలు దాదాపు ఒకే సైజు, వెనక చక్రానికి చైను. దానికి ముందు ముందరి చక్రం మనిషి ఎత్తున ఉండేది. పడితే పళ్లు రాలేవి. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. దాంతో సైకిల్ సర్కస్ వస్తువు కాస్తా మామూలు మనుషుల బండి అయింది. ఆడవాళ్లూ ఎక్కారు. గొడవ అక్కడ మొదలైంది.

1890లలో కొందరు డాక్టర్లు ఒక కొత్త జబ్బు కనిపెట్టారు. పేరు 'బైసికిల్ ఫేస్'. సైకిల్ తొక్కితే ముఖం బిగుసుకుపోతుంది, కళ్లు బయటికొస్తాయి, అందం పోతుంది, ముఖ్యంగా ఆడవాళ్లకి అని భయపెట్టారు. ఫార్వర్డ్ మెసేజ్‌లు వాట్సాప్‌తోనే మొదలయ్యాయని అనుకున్నారా? అప్పుడే ఉన్నాయి!

ఇంకోటి వినండి. 1897 మే నెల, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ. ఆడవాళ్లకి పూర్తి డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని ఓటింగ్. వద్దన్న మగ స్టూడెంట్లు ఒక ఆడమనిషి బొమ్మ చేసి వీధి మీద వేలాడదీశారు. ఆ బొమ్మని దేని మీద కూర్చోబెట్టారో తెలుసా? సైకిల్ మీద. వాళ్ల కళ్లకి చదువుకున్న ఆడది, సైకిల్ తొక్కే ఆడది ఒకటే. ఓటింగ్‌లో వాళ్లే గెలిచారు. కేంబ్రిడ్జ్ ఆడవాళ్లకి పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లో.

అదే టైమ్‌లో అమెరికాలో ఆనీ కోహెన్ కోప్‌చోవ్‌స్కీ అని ముగ్గురు పిల్లల తల్లి 1894లో సైకిల్‌తో ప్రపంచయాత్రకి బయల్దేరింది. లండన్‌డెర్రీ అనే మంచినీళ్ల కంపెనీ 100 డాలర్లు ఇస్తే తన పేరునే ఆనీ లండన్‌డెర్రీగా మార్చుకుంది. ఇప్పటి ఇన్‌ఫ్లుయెన్సర్లకి ముత్తవ్వ అన్నమాట. 1896లో ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు సూసన్ బి. ఆంటొనీ ఒక ఇంటర్వ్యూలో, ఆడవాళ్లకి స్వేచ్ఛ ఇవ్వడంలో సైకిల్ చేసినంత పని ఇంకేదీ చేయలేదు అనే అర్థం వచ్చేలా చెప్పింది.

ఓకే. ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

మన ఇళ్లల్లో సైకిల్ అంటే చాలాకాలం నాన్న సైకిల్. నల్లటి ఇనుప బండి, వెనక క్యారియర్, ముందు అడ్డంగా రాడ్డు. నాన్న ముందు, అమ్మ క్యారియర్ మీద ఒక పక్కకి కూర్చుని, పిల్లాడు రాడ్డు మీద. అప్పట్లో ఫ్యామిలీ కారు అదే. ఇందులో అమ్మ సీటు ఎక్కడుందో చూడండి. వెనకాల. బండి ఎటు తిప్పాలో ఆమె చేతిలో లేదు. మగపిల్లలు అద్దె సైకిల్ తెచ్చుకుని, సీటు అందకపోతే రాడ్డు కింద నుంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కి, మోకాళ్లు చీరేసుకుని నేర్చుకున్నారు. ఆడపిల్ల అలా పడి వస్తే? "నీకెందుకే ఈ సైకిళ్లు" అని ఇంకో రెండు దెబ్బలు.

ఈ సీన్ మారిన చోటు ఒకటుంది. మన పక్క రాష్ట్రం తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా. 1991. అక్కడ 'అరివొళి ఇయక్కం' పేరుతో పెద్ద అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ ఒక సింపుల్ విషయం పట్టుకున్నారు. ఆడవాళ్లకి అక్షరాలు నేర్పితే సరిపోదు, కదలడం కూడా నేర్పాలి. క్లాసు పక్క ఊళ్లో ఉంటే టీచరమ్మ ఎట్లా వెళ్తుంది? బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే అక్షరాలతో పాటు సైకిల్ కూడా సిలబస్‌లో పెట్టారు.

రిజల్ట్ ఏంటంటే, ఏడాదిన్నర కాలంలో లక్షకు పైగా పల్లెటూరి ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. కూలీలు, క్వారీలో రాళ్లు కొట్టేవాళ్లు, నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే జెంట్స్ సైకిళ్లే ఎక్కారు. ఆ రాడ్డు మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు కదా, ఇదే బెటర్ అన్నవాళ్లూ ఉన్నారు! రోడ్డు మీద మగవాళ్లు చెత్త కామెంట్లు చేశారు. వీళ్లు ఆపలేదు. సైకిల్ మీద పాటలు కట్టుకుని పాడుకుంటూ వెళ్లారు. ఈ కథని దేశానికి చెప్పిన జర్నలిస్ట్ పి. సాయినాథ్. ఆయన మన తెలుగు కుటుంబం మనిషే, మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి మనవడు.

ఇక్కడ కొంచెం ఆగి మన రాష్ట్రం వైపు చూడండి. సరిగ్గా అదే టైమ్, అదే జాతీయ అక్షరాస్యత కార్యక్రమం, మన నెల్లూరు జిల్లా. దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు పాఠం చదువుతూ చదువుతూ తమ ఇళ్ల సంగతి మాట్లాడుకున్నారు. వాచకంలో 'సీతమ్మ కథ' అని సారా మీద ఒక పాఠం ఉంది. "ఇది నా కథే" అని ఒకరు, "నాదీ అంతే" అని ఇంకొకరు. ఆ మాటల్లోంచి పుట్టిందే సారా వ్యతిరేక ఉద్యమం. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. తర్వాత 1997లో ఆ నిషేధం సడలించారు, అది వేరే ఎపిసోడ్.

పుదుక్కోట్టైలో సైకిల్, నెల్లూరులో రాత్రి బడి. రెంటిలో కామన్ పాయింట్ ఏంటి? ఆడవాళ్లు ఇంట్లోంచి బయటికి వచ్చి, ఒకచోట చేరి, మాట్లాడుకున్నారు. "ఆడవాళ్ల ముచ్చట్లు" అని మనం తేలిగ్గా తీసిపారేసే ఆ మాటలే ప్రభుత్వాలని కదిలించాయి. అందుకే శంషాబాద్ చాయ్ బండి దగ్గర నవ్వులని కూడా నేను టైమ్‌పాస్ అని తీసేయను.

తర్వాతి స్టెప్ ప్రభుత్వాలది. 2006లో బీహార్‌లో నితీశ్ కుమార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిల్ పథకం తెచ్చింది. దీన్ని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఎకనామిస్టులు లెక్కగట్టి చూశారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల శాతం 32 శాతం పెరిగింది, ఆడ-మగ పిల్లల మధ్య ఆ తేడా 40 శాతం తగ్గింది. ఒక్క సైకిల్‌తో! ఆంధ్రప్రదేశ్‌లో కూడా 'బడికొస్తా' పేరుతో హైస్కూల్ ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు.

చాలా మంచి పథకాలు. కానీ ఒకటి గమనించారా? ఇవన్నీ పని కోసమే. బడికి, కూలీకి, డ్యూటీకి. ఆడపిల్ల సైకిల్ ఎక్కడానికి ఒక కారణం చూపించాలి. పదో తరగతి అయ్యాక, పెళ్లి అయ్యాక, చాలా ఇళ్లల్లో ఆ లేడీస్ సైకిల్ గోడకి ఆనించి, దాని మీద బట్టలు ఆరేశారు. చిన్నప్పుడు తొక్కి, మధ్యలో ఇరవై ఏళ్లు ఆపి, నలభైలో మళ్లీ ఎక్కేవాళ్లు ఈ సండే గ్రూపుల్లో కనిపిస్తారు. సరదా కోసం సైకిల్ ఎక్కడం అనే చాప్టర్ వీళ్లది.

ఇప్పుడు శంషాబాద్. ఈ ప్లేస్ ఎట్లా మారిందో తెలిస్తే వీళ్లు చేస్తున్నది ఎంత కష్టమో అర్థమవుతుంది.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది. ఆ తర్వాత కట్టిన రెండు జలాశయాల్లో ఒకటి ఉస్మాన్ సాగర్, రెండోది 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. శంషాబాద్ ఆ చెరువు పక్కనే. ఊరి రైల్వే స్టేషన్ పేరు ఉందానగర్. మధ్యలోంచి బెంగళూరు హైవే. చుట్టూ పొలాలు, తోటలు. దగ్గర్లో అమ్మపల్లి రాముడి గుడి, సినిమా షూటింగులకి ఫేమస్.

2008 మార్చి 23. బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి మారాయి. దాదాపు 5,500 ఎకరాల ఎయిర్‌పోర్ట్. అదే ఏడాది నవంబర్‌లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క తెరిచారు. పూర్తయ్యాక మొత్తం 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే.

నేను కొన్నేళ్లు కోడ్ రాసినదాన్ని బట్టి నా భాషలో చెప్తాను. ఈ రోడ్ల యూజర్ ఎవరు? ఫ్లైట్ టైమ్‌కి కారులో పరిగెత్తే మనిషి. డిజైన్ మొత్తం అతని కోసమే. ఔటర్ మెయిన్ రోడ్డు మీద ఇప్పుడు స్పీడ్ లిమిట్ గంటకి 120. సైకిల్‌కీ బైక్‌కీ ఆటోకీ ఎంట్రీ లేదు. సైకిల్ తొక్కే ఆడమనిషి ఆ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఏ పేజీలోనూ లేదు. సైకిల్ వాళ్లకి మిగిలింది సర్వీస్ రోడ్లు, ఊళ్ల మధ్య రోడ్లు. వాటినే వీళ్లు తమవి చేసుకున్నారు. హిమాయత్ సాగర్ వైపు ఒక రైడ్, అమ్మపల్లి గుడి దాకా ఒక రైడ్. 2022 ఫిబ్రవరిలో ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం ఆవిష్కరించాక అటు ఇంకో రైడ్.

ఇప్పుడు చెప్పేది కష్టమైన విషయం. ఈ ఏరియా గురించి మాట్లాడుతూ ఇది దాటేసి వెళ్లలేం.

2019 నవంబర్ 27. శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా. ఒక యువ వెటర్నరీ డాక్టర్ తన స్కూటర్ అక్కడ పెట్టి పని మీద వెళ్లింది. తిరిగి వచ్చేసరికి టైరులో గాలి లేదు. పోలీసులు చెప్పిన ప్రకారం, గాలి తీసింది కావాలనే. తర్వాత సాయం చేస్తామని వచ్చింది కూడా వాళ్లే. ఆమె మీద అత్యాచారం చేసి, చంపేశారు. దేశమంతా ఆమెని 'దిశ' అనే పేరుతో గుర్తుపెట్టుకుంది. డిసెంబర్ 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ ఎన్‌కౌంటర్ కథని నమ్మలేమని తేల్చింది. అంటే ఆమెకి కోర్టులో జరగాల్సిన న్యాయం కూడా జరగలేదు.

ఆ రోజుల్లో ఫోన్ల నిండా సలహాలే. చీకటి పడకముందే ఇంటికి రండి, లొకేషన్ షేర్ చేయండి, ఒంటరిగా వెళ్లకండి. సలహాలన్నీ ఎవరికి? అమ్మాయిలకి. మళ్లీ రోడ్డు ఖాళీ చేయాల్సింది వాళ్లే అన్నట్టు. పంక్చర్ అనే చిన్న మాట ఈ ఏరియాలో ఒక భయంగా మారిపోయింది.

అందుకే సైకిల్ గ్రూపుల్లో ఆడవాళ్లు పంక్చర్ వేయడం నేర్చుకుంటుంటే నాకది చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. చక్రం విప్పి, టైరు ఒక పక్క లేపి, ట్యూబ్ బయటికి లాగి, గాలి కొట్టి నీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడొస్తే అక్కడ చిల్లు. ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచ్ అంటించాలి. మళ్లీ ఎక్కించే ముందు టైరు లోపల వేలు పెట్టి ముల్లు ఇంకా ఉందేమో చూడాలి. ఈ పనిలోనూ జోకులే. "మా పెళ్లిచూపుల్ల పాడమన్నరు, పంక్చర్ వేయమంటే ఫస్ట్ వచ్చేదాన్ని." నవ్వండి, కానీ ఆ జోకు లోపల ఏముందో చూడండి. "నా బండి ఆగితే నేనే కదిలిస్తా" అని ఉంది.

అలాగని భద్రత బాధ్యత వాళ్ల మీదకే నెట్టేయకూడదు. ప్యాచ్ కిట్‌తో రోడ్డు సేఫ్ అవ్వదు. లైట్లు, జనం, తెరిచి ఉన్న షాపులు, అడ్డదిడ్డంగా నడపని కార్లు, కంప్లైంట్ ఇస్తే వెంటనే తీసుకునే స్టేషన్, ఇవన్నీ కావాలి. 2023 జూలైలో బండ్లగూడ జాగీర్ దగ్గర ఉదయం నడకకి వెళ్లిన తల్లీకూతుళ్లని కారు గుద్ది ప్రాణం తీసింది. వాళ్లు చేసిన తప్పు ఏమీ లేదు. పొద్దున్నే నడిచారు, అంతే.

మరి మంచి ఏమీ జరగలేదా? జరిగింది. 2023 అక్టోబర్ 1న ఔటర్ పక్కన సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ ప్యానెళ్ల కప్పు. ఒక లైన్ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, ఇంకోటి నార్సింగి నుంచి కొల్లూరు దాకా. కార్ల భయం లేకుండా పక్కపక్కన తొక్కుతూ మాట్లాడుకోవచ్చు. రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు వెళ్లాలి కాబట్టి మాటలన్నీ చాయ్ బండి దాకా ఆపుకోవాలి! కానీ మ్యాప్ చూడండి. ఆ ట్రాక్ పోలీస్ అకాడమీ దగ్గర ఆగిపోతుంది, శంషాబాద్ రాకముందే.

సరదా రైడ్ దాటి ముందుకెళ్లేవాళ్లకి ఇంకో ప్రపంచం ఉంది. దాని పేరు బ్రెవే, రైడర్లు బీఆర్ఎమ్ అంటారు. ఫ్రాన్స్‌లో పుట్టింది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవై ఏడు గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తి చేయాలి. ఇది రేస్ కాదు, ఫస్ట్ ప్రైజ్ లేదు. వెనక మన సపోర్ట్ కారు రాకూడదు, రిపేర్ మనదే. మగవాళ్లకీ ఆడవాళ్లకీ టైమ్ లిమిట్ ఒక్కటే. హైదరాబాద్‌లో వీటిని హైదరాబాద్ రాండోనర్స్ క్లబ్ నడుపుతుంది. దేశం మొత్తంలో ఈ రైడ్లని చూసే ఆడాక్స్ ఇండియాని ముందుండి నడిపింది ఒక మహిళే, పుణేకి చెందిన దివ్య తాటే. రాత్రంతా హైవే మీద సైకిల్ తొక్కే ఆడవాళ్లు ఉన్నారంటే, 1890ల డాక్టర్లకి ఏ జబ్బు పేరు పెట్టాలో తోచేది కాదు.

సో, లైన్ మొత్తం కలిపి చూడండి. కేంబ్రిడ్జ్‌లో సైకిల్ ఎక్కిన ఆడదాన్ని బొమ్మ చేసి వేలాడదీశారు. పుదుక్కోట్టైలో పని కోసం ఎక్కింది, వెక్కిరించినా దిగలేదు. బీహార్‌లో చదువు కోసం ఎక్కింది. శంషాబాద్‌లో? "ఊరికే" ఎక్కింది. పర్మిషన్‌కి ఒక కారణం చూపించకుండా ఎక్కింది. స్వేచ్ఛ అంటే పెద్ద పెద్ద స్పీచులు గుర్తొస్తాయి మనకి. నాకైతే ఉప్మాకి నీళ్లెన్నో చెప్పకుండా ఫోన్ సైలెంట్‌లో పెట్టడం కూడా స్వేచ్ఛలాగే కనిపిస్తుంది.

ఇది ఇంకా పూర్తయిన కథ కాదు. కార్పొరేట్ జాబ్ చేసేవాళ్లు లక్ష రూపాయల సైకిల్ మీద పొద్దున వెళ్తున్నారు, బాగుంది. అదే రోడ్డు మీద డ్యూటీకి నడిచి వెళ్లే హౌస్‌కీపింగ్ అక్కకి సైకిల్ ట్రాక్ లేదు, చాయ్ బండి దగ్గర నిలబడి నవ్వే టైమూ లేదు. ఆమె కూడా ఊరికే ఆగి చాయ్ తాగే రోజు వస్తే అప్పుడు ఈ చాప్టర్ పూర్తయినట్టు.

మీకు ఒక చిన్న పని ఇస్తాను. మీ ఇంట్లో అమ్మనో, పెద్దమ్మనో, అమ్మమ్మనో అడగండి: "నీకు సైకిల్ వచ్చా? ఎవరు నేర్పారు? ఎప్పుడు ఆపేశావ్, ఎందుకు ఆపేశావ్?" ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు, మీ ఇంటి హిస్టరీ అది. విని, ఆమెకి ఇష్టమైతే కామెంట్‌లో రాయండి. ఇంకో మాట. రోడ్డు పక్కన సైకిళ్లు ఆపి నవ్వుకుంటున్న ఆడవాళ్లు కనిపిస్తే బండి స్లో చేసి చూడకండి, హారన్ కొట్టకండి. పక్క నుంచి కొంచెం గ్యాప్ ఇచ్చి వెళ్లిపోండి. వాళ్లకి మన మెచ్చుకోలు అక్కర్లేదు, ఆ గ్యాప్ చాలు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి.